కుర్చీలు లేని నాటకశాల

నాటకం చూడబోయిన మనిషికి ముందుగా కావలసింది కూర్చొనడానికి చోటు. నేల టిక్కెట్టు కానీ, ముందు వరుస కుర్చీ కానీ, ఆ చోటు దొరికి సర్దుకొన్న తరువాతనే అతడు ప్రేక్షకుడవుతాడు. అక్కడినుండి రంగస్థలం వరకు కొంత దూరం ఉంటుంది. ఆ దూరాన్ని నమ్ముకొనే మనం నిండుసభలో ద్రౌపదికి జరిగే పరాభవం చూచి కన్నీరు పెడతామే కానీ, లేచిపోయి దుశ్శాసనుని చేయి పట్టుకొనము. హరిశ్చంద్రుడు కత్తి ఎత్తినప్పుడు గుండె ఝల్లుమంటుంది; అయినా చేతిలోని వేరుసెనగకాయల పొట్లం జారిపోదు. నటుడు నటుడే, మనం మనమే అన్న ఒడంబడిక ఒకటి, ఎవరూ వ్రాయకపోయినా, తెర లేచే ముందే కుదిరిపోయి ఉంటుంది.

ఆ ఒడంబడికను రద్దు చేసి, కుర్చీలన్నీ తీసివేసి, జనాన్ని చీకటిశాల నడుమ నిలబెట్టి, వారి నెత్తిమీదా వారి ప్రక్కనా నాటకం ఆడితే ఏమవుతుంది? దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశపు రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో ఈ ప్రశ్నను పట్టుకొని దాదాపు నలుబదేండ్లుగా ప్రయోగాలు చేస్తూ వచ్చిన కళాకారుల పరంపర ఒకటి ఉన్నది. వారి చేతిలో రూపొంది దేశదేశాలు తిరిగిన ప్రదర్శన పేరు ‘ఫుయెర్సా బ్రూటా’. స్పానిష్ భాషలో ఆ మాటకు మోటుబలమని అర్థం. దికీ జేమ్స్ దీనికి సృష్టికర్త, గాబీ కెర్పెల్ సంగీతకర్త. ఇందులో సంభాషణ లేదు. చెప్పుకొనదగిన కథా లేదు. ఉన్నదల్లా త్రాళ్ళు, గాలి, నీరు, వెలుగు, డప్పుల మోత, గాలిలో వ్రేలాడే మనుషులు. ఇక ఆ నడుమ నిలబడి, ఎటు చూడాలో తెలియక తల త్రిప్పుకొనే ప్రేక్షకులు. నా ఉద్దేశంలో ఈ ప్రదర్శనలో పరిశీలింపదగిన పాత్ర వారే.

ఒక ఘట్టం చెబుతాను. జనం మధ్యనుండి ఎత్తయిన ఒక వేదిక కదలి వస్తుంది. దానిపై తిరిగే పట్టా ఉన్నది. తెల్లని దుస్తులు తొడుక్కొన్న ఒక మనిషి దానిమీద నడుస్తూ ఉంటాడు, నడక పరుగవుతుంది, పరుగు వేగమవుతుంది. ఎంత పరుగెత్తినా ఉన్నచోటనే ఉంటాడు. ఇంతలో తుపాకి ప్రేలిన చప్పుడు. తెల్లచొక్కా మీద ఎర్రని మరక విచ్చుకొంటుంది. అతడు కూలి, మళ్ళీ లేచి, ఆ చొక్కా తీసివేసి మళ్ళీ పరుగందుకొంటాడు. ఎదురుగా అట్టపెట్టెల గోడ వస్తుంది, దానిని చీల్చుకొనిపోతాడు. ఎవరు కాల్చారు? ఎక్కడికి పోతున్నాడు? ఎవరూ చెప్పరు.

మరొక ఘట్టంలో శాలను చుట్టివచ్చిన మెరిసే తెరమీద ఇద్దరు స్త్రీలు నడుముకు కట్టిన త్రాళ్ళ ఆధారంతో, నేలకు సమాంతరంగా, గోడమీద బల్లులవలె కాక గుర్రాలవలె పరుగెత్తుతారు. అన్నిటికంటె ప్రసిద్ధమైనది నీటిమడుగు. పారదర్శకమైన పెద్ద ప్లాస్టిక్ తొట్టి పైకప్పునుండి మెల్లగా దిగి దిగి ప్రేక్షకుల తలలకు జానెడెత్తున నిలుస్తుంది. అందులోని పలుచని నీటిలో స్త్రీలు జారుతారు, దొర్లుతారు, అరచేతులతో అడుగును చరుస్తారు. క్రింద ఉన్నవారికి ఆ ముఖాలు, అరికాళ్ళు, నీటి వలయాలు అంగుళాల దూరంలో కనబడతాయి. అప్పుడు శాలలోని జనం చేసే పని ఏ దేశంలోనైనా ఒక్కటే: చేతులు పైకెత్తడం. తాకమని ఎవరూ అడగరు. పసివాడు చందమామ కోసం చేయి చాచినట్లు పెద్దలందరూ చేయి చాస్తారు. రెండవ చేతిలో ఫోను పట్టుకొని బొమ్మ తీసుకొనేవారూ ఉంటారు, అది వేరే సంగతి.

ఈ గంటసేపటి వినోదం చూచి వెలుపలికి వచ్చినవారి అభిప్రాయాలు మాత్రం ఒక్కటిగా ఉండవు. బడి విడిచిన పిల్లవానివలె తేలికపడిన వారు కొందరు. నిలబడి నిలబడి కాళ్ళు లాగి, వేదికలు కదిలినప్పుడల్లా పనివారు అటు జరగండి, ఇటు జరగండి అని తోయగా విసిగి, పైన చల్లిన నీటికి తడిసి, డబ్బిచ్చి మరీ తోపులాట కొనుక్కొన్నామా అని నొచ్చుకొన్న వారు కొందరు. “ఇంతకూ కథ ఏమిటి?” అని అడిగే పెద్దమనుషులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఆ ప్రశ్న అడిగినవారిని రసహీనులని కొట్టివేయడం ఈ ప్రదర్శనను మెచ్చేవారికి ఒక అలవాటయింది. అది న్యాయం కాదని నేననుకొంటాను. మనిషిని కదిలించిన తరువాత ఎందుకు కదిలించావని అడిగే హక్కు కదిలినవానికి ఉన్నది.

ప్రేక్షకుల స్పందనను లెక్కకట్టే పని మనకు క్రొత్త కాదు. భరతముని నాట్యశాస్త్రంలో సిద్ధి గూర్చి చెబుతూ ప్రయోగం ఫలించిందనడానికి గుర్తులను వింగడించి చూపినాడు. చిరునవ్వు, సగం నవ్వు, పగలబడి నవ్వడం, సాధు అనడం, అహో అనడం, కష్టమని వాపోవడం, పెద్దపెట్టున కేకలు, ఇవి నోటితో వెలువడేవి. ఒళ్ళు గగుర్పొడవడం, ఆసనం నుండి లేచి నిలబడడం, పైబట్టలో ఉంగరాలో విసరడం శరీరంతో చూపేవి. ఈ రెండు రకాలూ కలిసి మానుషీ సిద్ధి. దీనికి పైమెట్టు దైవీ సిద్ధి. శాల నిండి ఉంటుంది. కలకలం లేదు, చప్పుడు లేదు. అదీ దాని లక్షణం. పడుచువారికి శృంగారం, శూరులకు యుద్ధం, వృద్ధులకు పురాణగాథ నచ్చుతాయని, అందరికీ అన్నీ నచ్చవని కూడా ఆయన ఒప్పుకొన్నాడు.

ఈ కొలతబద్దను ఫుయెర్సా బ్రూటా శాలకు తీసుకొనిపోతే చిత్రమైన చిక్కు వస్తుంది. ఆసనమే లేనిచోట ఆసనం నుండి లేవడమెట్లా? అంతకంటె పెద్ద చిక్కు మరొకటున్నది. భరతుని లెక్కలో స్పందన ప్రయోగానికి ఫలం. నటుడు ఇచ్చినదానికి ప్రేక్షకుడు తిరిగి ఇచ్చేది. ఇక్కడ స్పందనయే ప్రయోగానికి ముడిసరుకు. జనం చెదరకపోతే వేదికకు దారి లేదు. జనం చేతులెత్తకపోతే నీటిమడుగు వట్టి ప్లాస్టిక్ తొట్టి. తానే ఆటలో భాగమైనవాడు ఆట బాగున్నదో లేదో ఎప్పుడు నిర్ణయిస్తాడు? వీథిలోకి వచ్చి తల తుడుచుకొనేటప్పుడు కాబోలు.

ఎగిరే నటులను చూడడమూ మన తెలుగువారికి వింత కాదు. 1885లో కడపజిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకసమాజం వారి మాయాబజారులో పాత్రలు గాలిలో తేలి వస్తుంటే అవ్వలు నోరు తెరచి చూచినారు, మనుమలూ చూచినారు. కానీ సురభివారి నేర్పంతా త్రాటిని కనబడకుండా దాచడంలో ఉన్నది. త్రాడు కనబడితే ఘటోత్కచుడు సామాన్యుడై పోతాడు. ఈ అర్జెంటీనావారు త్రాటిని దాచరు. నడుముపట్టీ, కొక్కెం, పైన చుట్టుకొనే కప్పీ, అన్నీ కంటికి కనబడుతూనే ఉంటాయి. ఆ విషయంలో వీరు నాటకసమాజాలకంటె మన వీథుల్లో గడ ఎక్కి ఆడేవారికి దగ్గర. అక్కడ చూచేవాని గుండె దడ కథవలన కలిగింది కాదు. ఎత్తున ఉన్నది నిజమైన మనిషి, క్రింద ఉన్నది నిజమైన నేల అని తెలిసినందువలన కలిగింది.

ఇంతవరకు చెప్పింది వినోదం సంగతి. ఇది ఎక్కడ పుట్టిందో తెలిస్తే తుపాకి చప్పుడు మరొక విధంగా వినబడుతుంది.

1976 మార్చి 24న అర్జెంటీనాలో సైన్యం అధికారం చేజిక్కించుకొన్నది. 1983 డిసెంబరు దాకా సాగిన ఆ పాలనలో మనుషులు మాయమయ్యారు. రాత్రివేళ కారు వచ్చి ఆగేది. విద్యార్థినో, కార్మికునో, ఉపాధ్యాయునో ఎక్కించుకొని పోయేది. ఆ తరువాత జాడ లేదు. ప్రజాప్రభుత్వం వచ్చిన పిదప నియమించిన విచారణ సంఘం దాదాపు 9,000 మంది వివరాలు నమోదు చేసింది. మానవహక్కుల సంఘాలవారు 30,000 మంది అంటారు. బిడ్డల జాడ చెప్పమంటూ 1977 ఏప్రిల్‌లో కొందరు తల్లులు రాజధానిలోని మే చతురస్రంలో ప్రభుత్వభవనం ఎదుట నడవడం మొదలుపెట్టారు. తలకు కట్టుకొన్న తెల్లని గుడ్డ వారికి గుర్తయింది. గుంపుగా నిలబడడం నేరమైనందువలన వారు ఇద్దరిద్దరుగా గుండ్రంగా తిరిగేవారు. వీథిలో నలుగురు కలిసి నిలబడడమనే పనికి ఆ నగరంలో అంత బరువు ఉండేది.

ఆ పాలన ముగిసిన మరుసటి ఏడు, 1984లో, నాటకకళ అభ్యసిస్తున్న కొందరు విద్యార్థులు ‘లా ఆర్గనిజాసియోన్ నేగ్రా’ అనే బృందంగా ఏర్పడ్డారు. దికీ జేమ్స్, పిచోన్ బాల్దీను అందులోని వారే. అదే సంవత్సరం స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతపు బృందం ‘లా ఫురా దెల్స్ బావుస్’ అర్జెంటీనాకు వచ్చి, ప్రేక్షకులను నిలబెట్టి, వారిమీదికి దూసుకొని వచ్చే ప్రదర్శన ఇచ్చింది. దాని ప్రభావం వీరిమీద గాఢంగా పడింది. అయితే వీరు మొదట నాటకశాలకు పోలేదు; వీథికి పోయారు. రోడ్డు దాటే జనంలో కలిసి నడుస్తూ నడుస్తూ, కాల్పులకు గురైనవారివలె ఒక్కసారిగా కూలిపోయేవారు. దీపం రంగు మారేలోపల లేచి, ఏమీ జరగనట్లు ఎవరి దారిన వారు పోయేవారు. ప్రకటన లేదు, టిక్కెట్టు లేదు, చప్పట్లకు అవకాశమూ లేదు.

ఆ దారిన పోయే గుమాస్తాను ఒక్కసారి తలచుకొనండి. తాను ప్రేక్షకుడనని అతనికి తెలియదు. ఏడెనిమిదేండ్లుగా ఇటువంటివి కంటబడితే తల త్రిప్పుకొని పోవడం నేర్చుకొన్న మనిషి అతడు. ఇప్పుడు కాళ్ళదగ్గర పడిపోయినవాణ్ణి చూచి వంగాలా, పారిపోవాలా, చూడనట్లు పోవాలా? అతడు చేసే పని ఏదయినా అదే ఆ నాటకానికి చివరి అంకం. భరతముని పట్టికలో దానికి పేరు లేదు.

1986లో ఈ బృందం ‘సిమెంటో’ అనే సంగీతశాలలో ‘ఊర్క్’ అనే ప్రదర్శన ఇచ్చింది. చీకటి, మంట, చెవులు చిల్లులుపడే మోత, తరుముకొని వచ్చే నటులు. జనం గోడలకు అతుక్కొనిపోయేవారు. 1989లో నగర నడిబొడ్డున ఉన్న ఒబెలిస్కు స్తంభం నుండి త్రాళ్ళపై వ్రేలాడుతూ ఆడినారు. అరవై ఏడున్నర మీటర్ల ఆ స్తంభం చుట్టూ వేలకొలది జనం చేరి, అందరూ ఒకేసారి తల పైకెత్తారు. నేలమీద తరుముకొని వచ్చిన భయం అక్కడినుండి ఆకాశానికి ఎగిరిపోయిందని చెప్పవచ్చు.

1993లో జేమ్స్, బాల్దీను ఇద్దరూ కలిసి ‘డి లా గ్వార్దా’ అనే క్రొత్త సమాజం పెట్టారు. వారి ‘విల్లా విల్లా’ 1998లో న్యూయార్కు చేరింది. యూనియన్ స్క్వేరు ప్రక్కన ఒక పాత బ్యాంకు భవనం నాటకశాలగా మారింది. 1907లో పూర్తయిన ఆ భవనానికి నమూనా గీచినవాడు, తరువాత వాషింగ్టన్‌లో లింకన్ స్మారకమందిరానికి రూపకల్పన చేసిన హెన్రీ బేకన్. డబ్బు లెక్కపెట్టుకొన్న ఆ ఎత్తయిన శాలలో కాగితపు పైకప్పు క్రింద జనం నిలబడితే, పైన నీడలు తిరిగేవి, చూస్తుండగానే కాగితం చీలి మనుషులు క్రిందికి దూకేవారు, వాన కురిసేది, నటులు జనంలోకి దిగి కౌగిలించుకొనేవారు, చేయిపట్టి ఆడించేవారు, ఒకరిద్దరిని గాలిలోకి ఎత్తుకొనిపోయేవారు. ఆరేండ్లు ఆడింది. 2007 నుండి 2016 వరకు ఫుయెర్సా బ్రూటా కూడా అదే శాలలో ఆడింది.

న్యూయార్కు ప్రేక్షకులకు ఇది పండుగ. నాట్యమందిరంలో అర్ధరాత్రి దాకా ఆడిపాడిన సంతోషంవంటిదని అక్కడి విమర్శకులు వర్ణించారు. వారు తప్పు చూడలేదు. పట్టామీద పరుగెత్తే మనిషిని చూచి, ఉదయం ఎనిమిది గంటల రైలు అందుకొనే తమ బ్రతుకే అనుకొన్నవారు అక్కడ ఉండి ఉంటారు. అదే మనిషిని బ్యూనస్ ఎయిర్స్‌లో చూచినవానికి 2001 చివరి రోజులు గుర్తుకు రావచ్చు. బ్యాంకులలో దాచుకొన్న సొమ్ము చేతికి రాకుండా ఆంక్షలు పెట్టినప్పుడు, గృహిణులు వంటగిన్నెలు మ్రోగిస్తూ వీథికెక్కినప్పుడు, అధ్యక్షుడు రాజీనామా చేసి భవనం మీదినుండి హెలికాప్టరులో వెళ్ళిపోయినప్పుడు ఆ దేశమంతా పరుగెత్తి ఉన్నచోటనే ఉన్నది. ఇక ఆ తుపాకి చప్పుడు, తెల్లచొక్కామీద మరక, ఆ నగరంలో ఒక వయసు దాటినవానికి ఏం చెబుతాయో వేరే చెప్పనక్కరలేదు.

కథ ఏమిటని అడిగిన పెద్దమనిషికి ఇక్కడ ఒక సమాధానం దొరుకుతుంది. ఈ ప్రదర్శన కథ తెచ్చుకొనదు. ప్రేక్షకుని ఒంటిలో ఉన్న కథను వాడుకొంటుంది. శరీరానికి జ్ఞాపకమున్నచోట అది నాటకమవుతుంది, లేనిచోట ఉత్సవమవుతుంది. ఉత్సవం తక్కువదని నేననను. కానీ రెండూ ఒకటి కావు.

ఒంటిలోని జ్ఞాపకమంటే ఆ నగరానికి మరొక సంగతి కూడా ఉన్నది. 2004 డిసెంబరు 30 రాత్రి బ్యూనస్ ఎయిర్స్‌లో ‘రిపబ్లికా క్రోమన్యోన్’ అనే సంగీతశాలలో ఎవరో వెలిగించిన బాణసంచా పైకప్పుకు అంటుకొన్నది. పట్టనంత జనం, తలుపు ఒకటి గొలుసుతో బిగించి ఉన్నది. 194 మంది చనిపోయారు, ఎక్కువమంది యువకులు, చాలామంది పొగకు ఊపిరాడక. ‘ఊర్క్’ ఆడిన సిమెంటో శాలను నడిపిన వ్యక్తియే ఈ శాలనూ నడిపినవాడు. అతనికి తరువాత న్యాయస్థానం శిక్ష విధించింది. నాటకబృందానికి ఈ దుర్ఘటనతో సంబంధం లేదు. అయినా చీకటిశాలలో నిలబడి భయపడడం సరదా అనుకొనే ఏ ప్రేక్షకుడైనా తెలుసుకొనవలసిన సంగతి ఇది. ఆ సరదా వెనుక ఒక నమ్మకం ఉన్నది: త్రాడు తెగదని, తలుపు తెరచి ఉంటుందని, నన్ను తోసేవాడు నా మేలు ఎరిగి తోస్తున్నాడని. జరగండి, జరగండి అని విసిగించే ఆ పనివారు నిజానికి ఆ నమ్మకానికి కావలివారు. ప్రదర్శనలో వారికి పేరు లేదు, చప్పట్లు లేవు.

2010 మే 25న అర్జెంటీనా స్వాతంత్ర్యోద్యమానికి నాంది పలికిన విప్లవానికి రెండు వందల ఏండ్లు నిండాయి. ఆనాటి ఊరేగింపు బాధ్యతను ఫుయెర్సా బ్రూటా వారికి అప్పగించారు. లక్షలాది జనం రాజధాని వీథులకు ఇరువైపులా నిలిచారు. ఈసారి కదిలేది వేదికలే. జనం నిలిచి ఉన్నారు. క్రేనుకు వ్రేలాడుతూ ఆకాశనీలం, తెలుపు దుస్తులలో దేశమాత వలె ఒక స్త్రీ తేలి వచ్చింది. ఆండీసు పర్వతాలు దాటే సైనికులమీద మంచు కురిసింది. మాల్వినాస్ దీవుల యుద్ధంలో చనిపోయినవారి శిలువలు సాగిపోయాయి. మరొక బండిమీద దేశ రాజ్యాంగం మండింది. వాటి నడుమ ఒక బండి వచ్చింది. దానిమీద వాన కురుస్తూ ఉన్నది. ఆ వానలో తెల్లని తలగుడ్డలు కట్టుకొన్న స్త్రీలు తడుస్తూ నడుస్తూ ఉన్నారు, గుండ్రంగా.

న్యూయార్కు శాలలో కురిసినదీ కొళాయినీటి వానయే, ఇక్కడ కురిసినదీ అదే. అక్కడ ఆ వానలో జనం గంతులు వేశారు. ఇక్కడ వాన బండిమీదనే పడింది. చూచేవారి కళ్ళు తడిసాయి. ఆనాటి జనంలో నలభై దాటిన ప్రతివానికీ ఆ తల్లులు ఎవరో తెలుసు. భరతుడు చెప్పిన నోటి స్పందనలలో ‘కష్టం’ అన్నమాట అటువంటి చోట వాడడానికే పుట్టి ఉండాలి.

2018 అక్టోబరు 6న యువజన ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవం జరిగింది. క్రీడాంగణంలో కాక నగరవీథిలో, అదే ఒబెలిస్కు దగ్గర, టిక్కెట్టు లేకుండా. దానినీ ఈ బృందమే నిర్వహించింది. స్తంభం నిట్టనిలువు గోడమీద త్రాళ్ళు కట్టుకొన్న ఆటగాళ్ళు ఎగబ్రాకారు. పందెంలో పాల్గొనడానికి ఎన్నో దేశాలనుండి వచ్చిన క్రీడాకారులందరూ పదునైదు పదునెనిమిది ఏండ్లవారు. 1989లో ఆ స్తంభానికి మనుషులు వ్రేలాడినప్పుడు వారెవరూ పుట్టలేదు. తల పైకెత్తి, అరచి, ఈలలు వేసి, చప్పట్లు కొట్టారు. వారి వెనుక, అడ్డుకట్టల అవతల, తమ పిల్లలను భుజాలమీద ఎక్కించుకొని ఆ ఊరి పెద్దవారు నిలబడి ఉన్నారు.